ఎవరూ కూర్చోని చోటు

కినాయి మా దీవికి కోడలిగా దిగిన రోజే, పగవాడికి కూడా వద్దనుకునే తప్పు చేసింది. మానేబాలో తనది కాని చోట కూర్చుంది.

మానేబా మా ఊరందరికీ కలిపి ఒకే కప్పు. గోడలుండవు. మొగలాకు కప్పు ఎంత కిందికి దిగి ఉంటుందంటే, ఎంతటివాడైనా నడుం వంచి దూరాల్సిందే. లోపల పరిచిన చాపలన్నీ ఒకలాగే కనబడతాయి గాని, ఏ ఇంటివాళ్ళు ఏ వాసం కింద కూర్చోవాలో మా తాతల తాతలనాడే తేలిపోయింది. చోటున్నవాడికే మాట, చోటున్నవాడికే వాటా. ఇంకొకరి చోట తెలిసి కూర్చుంటే ఊరు ఊరుకోదు. తెలియక కూర్చుంటే ఆ చోటు తాలూకు పెద్దలు ఊరుకోరు, వాళ్ళు పోయి ఎన్నేళ్ళయినా సరే.

అందులోనూ ఆమె కూర్చున్నది పడమటి మూల. అక్కడ ఎవరూ కూర్చోరు. ఆ చోటువాళ్ళు అంతరించిపోయారంటారు. విందు జరిగినప్పుడల్లా వాటాలు పిలిచే పెద్దమనిషి అన్నిటితోపాటు ఆ చోటునూ పిలుస్తాడు, ఒక ఆకులో చేపా దుంపా పెట్టించి ఆ చాప మీద ఉంచుతాడు. ఆ పిలుపుకి ఎవరూ పలకకూడదు, ఆ ఆకు ఎవరూ ముట్టకూడదు. పొద్దు వాలేసరికి పీతలు వచ్చి ఈడ్చుకుపోతాయి. పీతలేనని మేమంతా అనుకుంటాం. ఆ మూల కప్పు మాత్రం ఎన్నిసార్లు కొత్త ఆకు వేసినా మొదటి వానకే కారుతుంది.

ఇవేవీ తెలియని ఇరవై ఏళ్ళ పిల్ల, సాలమన్ దీవుల నుంచి మొగుడి వెంట ఓడలో వచ్చింది. కడుపుతో ఉంది. ఓడ కుదుపుకి తిన్నదేదీ ఇమడక కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. నేరుగా పోయి ఆ చాప మీద కూలబడింది. అంతటితో ఊరుకుందా? ఆ చోటు వాటా పిలవగానే ‘ఊఁ’ అని పలికి, ఆకు ముందుకు లాక్కుని తినేసింది.

దగ్గొచ్చినవాడు కూడా దగ్గు మింగాడు. మొగుడు తెబావు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అతని మేనత్త బకోవా లేచి వచ్చి, కోడలి జబ్బ పట్టి లాక్కుపోయి తమవాళ్ళ చోట కూలేసింది. కోడలు వస్తుందనుకుంటే కొరివి వచ్చిందని అందరికీ వినబడేలా అంది. ఇక ఆ పిల్ల జబ్బుపడుతుందని ఊరంతా కాచుకుని కూర్చుంది. చూడ్డానికి పోయినవాళ్ళలో జాలిపడ్డవాళ్ళు తక్కువ, ఎప్పుడెప్పుడా అని పోయినవాళ్ళే ఎక్కువ. మావాళ్ళ సంగతి నాకు తెలియనిదా!

కినాయికి జ్వరమైనా రాలేదు. నెల తిరక్కుండా కడుపు మాత్రం పోయింది. మళ్ళీ ఆ కడుపు పండలేదు. “చోటు తన కూలి తను తీసుకుంది,” అన్నారు మా అమ్మలక్కలు. ఆ మాట కినాయి చెవిన పడింది. పడాలనే అన్నారు.

ఆ రోజు జరిగిన దానిలో సగం ఊరికి తెలియదు. ఆ సగం కినాయి తెబావుకు కూడా చెప్పలేదు. ఆమె లోపలికి వంగి చూసినప్పుడు ఆ చాప ఖాళీగా లేదు. ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎడమ చెవి తమ్మె తెగి రెండుగా వేలాడుతోంది. ఒళ్ళంతా కొబ్బరినూనె వాసన. పక్కన చాప తట్టి, “ఇప్పుడా రావడం? కూర్చో,” అంది. వాటా పిలిచినప్పుడు, “మనదే, పలుకు,” అంది. కినాయి ఆకులో చెయ్యి పెట్టబోయేముందు ఆవిడ వేలి కణుపులతో చాప మీద రెండుసార్లు కొట్టింది, తలుపు తట్టినట్టు. బకోవా లాక్కుపోతుంటే కినాయి తిరిగి చూసింది. చాప మీద తిన్న ఆకు తప్ప ఏమీ లేదు.

ముసలావిడను చూసి కాదు, ఆ చప్పుడు విని కినాయి వణికింది. ఆమె అమ్మమ్మ తిరియా తిండి ముందు కూర్చున్నప్పుడల్లా అలాగే రెండుసార్లు కొట్టేది. ఎందుకని అడిగితే, మా అమ్మ కొట్టేది, నేనూ కొడుతున్నానని నవ్వేది. తిరియా ఎవరో, ఆమె తల్లి ఏ దీవిదో సాలమన్‌లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎప్పుడో ఓడవాళ్ళు మోసుకొచ్చి దించిపోయిన జనమని మాత్రం అనేవారు.

తరవాత నలభై ఏళ్ళు కినాయి మాలో మాగా బతికింది. తీపికల్లు కాచి పాకం తీయడంలో ఆమె చేతికి తిరుగులేదు. పేకాటలో దొంగాట ఆడుతుందని పేరు, పట్టుకున్నవాడు మాత్రం లేడు. చర్చిలో ఎంత గట్టిగా పాడేదంటే, ఆమె ఊళ్ళో లేని ఆదివారం ఫాదర్ కాస్త తేలికగా ఊపిరి పీల్చుకునేవాడు. మానేబాలో ఎప్పుడు కూర్చున్నా పడమటి మూలకు వీపు పెట్టి కూర్చునేది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఒకటే ప్రశ్న ఆమెను తొలిచేది. ఆ ముసలిది నన్ను పిలిచి అన్నం పెట్టిందా, అన్నం పెట్టి బిడ్డను తీసుకుందా?

చెల్లెలి కూతురు కాన్పులో చనిపోతే ఆ పసికందును సాలమన్ నుంచి తెప్పించుకుని మనవరాలిగా పెంచుకుంది. తెయానా అని పేరు పెట్టింది. ఆ పిల్లకు ముద్ద పట్టుకోవడం వచ్చిన రోజున, ముద్ద పట్టుకునేముందు చిన్న పిడికిలితో చాప మీద రెండుసార్లు కొట్టింది. ఎవరు నేర్పారు? కినాయి నేర్పలేదు. ఆ పూట కినాయి అన్నం తినలేకపోయింది.

తెబావు ఉన్నంతకాలం తెయానాను ఎవరూ ఏమీ అనలేదు. అతని ఒళ్ళో కూర్చుని అతని చోటులోనే పెరిగింది. తెబావు పోయాక, ఏడాది తిరిగేసరికి మానేబాకు కొత్త కప్పు వేయాలని ఊరు నిర్ణయించింది. కొత్త కప్పు కింద మొదటి విందు రోజున ఒక్కో చోటువాళ్ళు లేచి, తమ వంశం నోటితో చెప్పుకుని కూర్చోవాలి. అది మా ఆచారం. ఆ రోజు చెప్పలేనివాళ్ళు ఇక బతికినంతకాలం అతిథులే. వాళ్ళకు పుట్టినవాళ్ళూ అతిథులే. ఊళ్ళో మాట ఉండదు, పేరు పెట్టి పిలిచే వాటా ఉండదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొబ్బరికాయ అంటారు అలాంటివాళ్ళను.

తెబావు తమ్ముడు చెడ్డవాడేమీ కాదు. వచ్చి మంచిగానే చెప్పాడు. వదినకు చచ్చేదాకా తమ చోటులో ఢోకా లేదన్నాడు. పిల్లది మాత్రం తమ నెత్తురు కాదు గదా అని నసిగాడు. కినాయి అతనికి తీపికల్లు పోసి పంపి, తరవాత కుండ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆమెకు అప్పటికే మెట్లెక్కితే గుండె పట్టేసేది. తను పోయాక ఈ పిల్ల ఎవరి కప్పు కింద కూర్చుంటుంది?

మర్నాడు మిట్టమధ్యాహ్నం బకోవా దగ్గరికి పోయింది. బకోవా అప్పటికి పండు ముసలిది. మంచె మీద కాళ్ళు చాపుకుని, కొత్త కప్పు కోసం మొగలాకు మడిచి ఈనెలతో కుడుతోంది. కోడల్ని చూసి, పేకాటకు వచ్చావేమో, నా దగ్గర ఓడిపోవడానికి కూడా ఏమీ మిగల్లేదని వెక్కిరించింది. కినాయి నవ్వలేదు.

“అత్తా, పడమటి మూల ఎవరిది?”

ముసలిదాని చెయ్యి ఆకు మీద ఆగింది.

“నలభై ఏళ్ళకు అడిగావే. నేనే అడుగుదామనుకుని భయపడి ఊరుకున్నా. ఆ రోజు నువ్వు అక్కడ కూర్చున్నందుకు కాదు నేను నిన్ను లాక్కుపోయింది. చాప మధ్యలో కూర్చోలేదు నువ్వు. ఓ పక్కకి ఒదిగి కూర్చున్నావు, ఇంకొకరికి చోటిచ్చినట్టు. ఎవరున్నారే నీ పక్కన?”

కినాయి మొదటిసారి నోరు విప్పింది. చెవి తమ్మె సంగతి, నూనె వాసన, చాప తట్టి పిలవడం, అంతా చెప్పింది. రెండుసార్లు కొట్టిన సంగతి చెప్పేసరికి బకోవా కుడుతున్న ఆకు పక్కన పెట్టేసింది. తరవాత తన ఇంటి గుట్టు చెప్పింది.

ఒకప్పుడు మా దీవికి పెద్ద కరువొచ్చింది. వానలు మొహం చాటేశాయి, కొబ్బరిచెట్లు తలలు వాల్చేశాయి, దుంపల గుంటలు ఎండి నెర్రెలిచ్చాయి. అప్పుడే మనుషుల్ని పనికి పట్టుకుపోయే ఓడ ఒకటి వచ్చి ఆగింది. పడమటి మూలవాళ్ళందరూ ఎక్కేశారు. మరేవా అనే ముసలిది మాత్రం కూతుర్ని తన చేత్తోనే పడవ ఎక్కించి తను ఉండిపోయింది. చోటు ఖాళీ అయితే నావాళ్ళు తిరిగొచ్చి ఎక్కడ కూర్చుంటారని అడిగింది. ఆ చోటువాళ్ళకు ఒక హక్కుండేది. విందులో వాళ్ళు చాప మీద రెండుసార్లు కొడితే గాని ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఓడ వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక తాబేలు ఒడ్డుకొచ్చింది. ఊరంతా మానేబాలో చేరి పంచుకుంది. వాటాలు పిలిచేది బకోవా తాత. అన్ని చోట్లూ పిలిచాడు. ఒక్క ముసలిదానికి ఒక చోటు వాటానా అనుకున్నాడో ఏమో, పడమటి మూలను దాటేశాడు. మరేవా నోరెత్తి అడగలేదు. చాప మీద రెండుసార్లు కొట్టింది. ఎవరూ ఆవిడవైపు చూడలేదు. అందరూ తిన్నారు.

“తిన్నాక కూడా కొడుతూనే ఉందట,” అంది బకోవా. “మర్నాడూ ఇళ్ళల్లో వినబడిందట ఆ చప్పుడు. ఆ మర్నాడూ వినబడిందట. భరించలేక ఎవరో పోయి చూశారు. కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది. అప్పటిదాకా చప్పుడు విన్నవాళ్ళు మాత్రం ఊరందరూ.”

మరేవా ఎడమ చెవి ఎలా ఉండేదని కినాయి అడగలేదు. బకోవానే చెప్పింది. చిన్నప్పుడు ఏదో గాలానికి తగులుకుని తమ్మె చీలిందట.

ఇక మిగిలింది ఇయోటేబా. బకోవా తమ్ముడు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అతనికి వాటాలు పిలిచే పనీ, ఊరి వంశాలన్నీ నోట్లో పెట్టుకుని కాపాడే పనీ వచ్చాయి. చూపు మందగించినా ఎవరి అడుగు ఎవరిదో చెప్పేయగలడు. కినాయి చెప్పిందంతా విన్నాడు. గడ్డం నిమురుకున్నాడు. నమ్ముతున్నానన్నాడు. కానీ అతను నమ్మితే చాలదు.

మా వంశాలు కాపాడేవాళ్ళకు ఒక పద్ధతుంది. ప్రతి వంశంలోనూ ఒక్క పేరు బయటికి చెప్పకుండా దాచుకుంటారు. ఊరి చాటింపులో చెప్పరు, సొంత అక్కాచెల్లెళ్ళకు కూడా చెప్పరు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు లోకంలో ఎక్కువ గదా. ఫలానావాళ్ళ సంతానమని ఎవడైనా వస్తే ఆ పేరు అడుగుతారు. నిజంగా ఆ నెత్తురైతే ఆ పేరు వాళ్ళింట్లోనే ఉంటుంది.

“మరేవాకీ మీ అమ్మమ్మకీ మధ్య ఒక పేరుంది. మరేవా పడవెక్కించిన కూతురు. ఆ పేరు చెప్పు, నీ చేయి పట్టుకుని నేనే కూర్చోబెడతా.”

కినాయికి తెలియదు. తిరియా ఎప్పుడూ ‘మా అమ్మ’ అనేదే గాని పేరు పలికేది కాదు. పోయినవాళ్ళ పేరు పలికితే వస్తారని భయం. ఆమె పోయి ఎన్నాళ్ళో అయింది, అడగడానికి సాలమన్‌లో ముసలివాళ్ళెవరూ మిగల్లేదు.

“మావయ్యా, నువ్వే చెప్పరాదా? గుండె పట్టుకుని తిరుగుతున్నా. పిల్లకోసం అడుగుతున్నా.”

“చెప్పాలనే ఉందమ్మా. చెబితే అది నా నోటి వంశమవుతుంది, నీ వంశం కాదు. మా తాత ఒకసారి ఆవిణ్ణి మోసం చేశాడు. నేను రెండోసారి చెయ్యలేను.”

ఆ ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం కినాయి చూసింది. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది.

మగవాళ్ళు కప్పు పని ఆపి భోజనాలకు పోయిన వేళ చూసి కినాయి మానేబాలోకి వంగి వెళ్ళింది. అప్పటికి కొత్త కప్పు మూడొంతులు పూర్తయింది. పడమటి మూల ఒక్కటే ఆకాశం కనబడుతోంది. అక్కడ కప్పు వేయాల్సింది ఆ చోటువాళ్ళు, వాళ్ళు లేరు గనక అందరూ కలిసి ఆఖర్న వేస్తారు. ఎండ నిలువునా చాప మీద పడుతోంది. కినాయి ఎదురుగా కూర్చుంది. పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మెల్లగా మాట్లాడింది. పేరు అడుగుదామని వచ్చింది గాని, నోటినుంచి వచ్చింది వేరే.

“నా బిడ్డను నువ్వే తీసుకున్నావా?”

ఈగ కూడా వాలడం లేదు. ఆకాశం కనబడుతున్న ఆ మూల నుంచి ఒక నీటిచుక్క చాప మీద పడింది. తరవాత ఇంకొకటి. పైన మబ్బు తునక లేదు. కినాయి లేచి, చెప్పులు వదిలేసి ఇంటికి పరిగెత్తినంత పని చేసింది. ఇంటిముందు వాలీబాల్ ఆడుతున్న తెయానా, అమ్మమ్మా నీ వెనక ఎవరైనా పడ్డారా అని పడీపడీ నవ్వింది.

ఆ పిల్లను అతిథిగానే వదిలేద్దామా అని కూడా అనుకుంది కినాయి. చోటు లేకపోయినా ప్రాణం ఉంటుంది గదా. చోటు కోసం పోయి ఆ ముసలిదాని చేతిలో పెడితే? ఒక బిడ్డ పోయింది చాలదా? ఇలా పొయ్యి దగ్గర అనుకుంటుంటే, తెయానా ఆకు ముందు వేసుకుని కణుపులతో రెండుసార్లు కొట్టింది. నేను వదిలేసినా ఆ చోటు దీన్ని వదలదు అనుకుంది కినాయి. ఆ ఆలోచన వచ్చాక మనసు కుదుటపడలేదు గాని, భయానికి ఒక హద్దు దొరికింది.

విందు రోజున మానేబా కొత్త ఆకు వాసనతో నిండిపోయింది. దండలు, పాటలు, నూనె రాసుకుని నిగనిగలాడే ముసలివాళ్ళు. ఒక్కో చోటువాళ్ళు లేచి తమ వంశం చెప్పి కూర్చుంటున్నారు. గొణిగినవాళ్ళను పిల్లలు వెక్కిరించారు. ఒకాయన తాత పేరు బదులు పడవ పేరు చెప్పేశాడు, ఊరంతా విరగబడి నవ్వింది. తెయానా అతిథుల చాప మీద కూర్చుంది. కినాయి తెబావువాళ్ళ చోటులోంచి లేచి, నడిచి వచ్చి, మధ్యలో నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి.

ఇది తెయానా, నా చెల్లెలి కూతురి కూతురు అని మొదలుపెట్టింది. నా చెల్లెలూ నేనూ మేరీ కూతుళ్ళం, మేరీ తిరియా కూతురు అంది. తిరియా ఎవరి కూతురంటే అని ఆగింది. అటువైపు మరేవా ఉంది. మధ్యలో ఒక మనిషి మేర ఖాళీ ఉంది. ఇయోటేబా తల వంచుకుని వింటున్నాడు. పెదవులు కదుపుతున్నాడు గాని శబ్దం రానివ్వడం లేదు. తెబావు తమ్ముడు జాలిగా చూశాడు. బకోవా కళ్ళు మూసుకుంది. కినాయికి గుండె పట్టేసింది. అయిపోయింది, నా పిల్ల కొట్టుకొచ్చిన కాయే అనుకుంది.

“కమావా కూతురు,” అంది తెయానా, అతిథుల చాప మీద నుంచి. “తిరియా కమావా కూతురు. కమావా మరేవా కూతురు.”

బడిలో పాఠం అప్పజెప్పినట్టు మామూలుగా అంది. తరవాత అందరూ తననే చూస్తున్నారని తెలిసి సిగ్గుపడింది.

ఇయోటేబా చేతికర్ర చాప మీద పడిపోయింది. తన తండ్రి చెవిలో చెప్పిన తరవాత ఆ పేరు అతను పైకి వినడం అదే మొదటిసారి. ఎవరు చెప్పారని అతను అడగలేదు. మానేబాలో ఆ ప్రశ్న అడగకూడదు. లేచి, తడుముకుంటూ వచ్చి, పడమటి మూలను పేరుపెట్టి పిలిచాడు. ఆకు తన చేత్తోనే తెచ్చి పెట్టాడు. “పలకండమ్మా,” అన్నాడు.

“ఊఁ,” అంది తెయానా. వెళ్ళి కూర్చుంది. కణుపులతో చాప మీద రెండుసార్లు కొట్టింది. అప్పుడు ఊరు ముద్ద ఎత్తింది.

కినాయి మెల్లగా పోయి మనవరాలి పక్కన చేరింది. కళ్ళు చిట్లించి ఆ మూలంతా వెతికింది. ముసలావిడ లేదు. నూనె వాసన లేదు. నలభై ఏళ్ళు తనకు ఎదురుచూపులా, భయంలా ఉన్నది ఒక్క చాప ముక్కగా మిగిలింది. ఎందుకో ఏడుపొచ్చింది.

“పేరు ఎవరు చెప్పారే నీకు?” అని గుసగుసగా అడిగింది.

“నువ్వు ఆగిపోయినప్పుడు ఆవిడ చెప్పింది గదా, అంత గట్టిగా. నీకు వినబడలేదా?” తెయానా ఆశ్చర్యంగా చూసింది. తరవాత అమ్మమ్మ మోకాలి మీద చెయ్యి వేసి పక్కకు నెట్టింది. “కాస్త ఇటు జరుగు అమ్మమ్మా. ఆవిడ ఒళ్ళో పసిబిడ్డ ఉంది. నీ మోకాలు తగులుతోంది.”

కినాయి జరిగింది. ఖాళీ చాప మీద అరచెయ్యి ఆనించింది. అక్కడ వెచ్చగా ఉంది. చెయ్యి తియ్యకుండా, రెండో చేత్తో ఆకులోని చేప కాస్త తుంచి, ముళ్ళు ఏరి, పసివాళ్ళకు పెట్టేంత మెత్తగా నలిపి, ఆ చాప మీద పెట్టింది.